కెమెరా తగిలించినా కంప్యూటర్ పలకడం లేదా? కేబుల్ నుంచి కార్డు దాకా వరుసగా చూసుకునే పద్ధతి

కెమెరాను కంప్యూటర్‌కు తగిలించినప్పుడు ఏమీ కనిపించకపోతే అందరికీ మొదట వచ్చే భయం ఫోటోలు పోయాయేమోనని. ఫోటోలు ఉండేది కార్డులో. కేబుల్ పనిచేయకపోయినా, కంప్యూటర్ కెమెరాను గుర్తుపట్టకపోయినా వాటికి ఏమీ కాదు. వాటికి ముప్పు తెచ్చేది ఆ తర్వాత తొందరపడి చేసే పనులు: అడగ్గానే ఫార్మాట్ నొక్కడం, కార్డును నలుగురి కంప్యూటర్లలో పెట్టి తీయడం, దొరికిన రిపేర్ సాఫ్ట్‌వేర్ ప్రతిదీ దాని మీద నడిపించడం. అందుకే ముందు కెమెరాలో ప్లే బటన్ నొక్కి ఫోటోలు కనిపిస్తున్నాయో లేదో చూడండి. కనిపిస్తే నిదానంగా కింది వరుసలో వెళ్లొచ్చు. కనిపించకపోతే ఆ కార్డు మీద ఇంకొక్క ఫోటో కూడా తీయకుండా బయటికి తీసి, నేరుగా కార్డు గురించి రాసిన భాగం చదవండి.

కంపెనీ సర్వీస్ సెంటర్ కోసం హైదరాబాద్ పోవాలంటే నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా దాదాపు వంద కిలోమీటర్లు. గద్వాల, అలంపూర్ వైపు వాళ్లకు అది రెట్టింపు. ఈ సమస్యలో ఎక్కువ భాగం ఇంట్లోనే, స్క్రూ విప్పకుండా తేలిపోతుంది కాబట్టి ఆ ప్రయాణం చివరి మెట్టుగానే ఉంచుకోండి.

ముందు శబ్దం వినండి

కెమెరా బ్యాటరీ సగానికి పైగా ఛార్జ్ అయి ఉండాలి. కంప్యూటర్ స్పీకర్ సౌండ్ పెంచండి. కెమెరా ఆఫ్ చేసి, కేబుల్ రెండు కొసలూ గట్టిగా దిగేలా పెట్టి, అప్పుడు కెమెరా ఆన్ చేయండి. చిన్న కాంపాక్ట్ కెమెరాల్లో కొన్నింటికి ప్లే బటన్ కూడా నొక్కాలి.

కొత్త పరికరం తగిలినప్పుడు విండోస్ చిన్న శబ్దం చేస్తుంది, దాని కోసం వినండి. ఏ శబ్దమూ రాలేదంటే, కెమెరా వచ్చిన సంగతే కంప్యూటర్‌కు తెలియలేదు. అప్పుడు తప్పు కేబుల్‌లోనో, పోర్టులోనో, కెమెరా సాకెట్‌లోనో, కెమెరా మెనూలోనో ఉంటుంది. ఈ దశలో విండోస్ డ్రైవర్లు, అంటే పరికరంతో మాట్లాడటానికి విండోస్ వాడే చిన్న ప్రోగ్రాములు, వెతుక్కుంటూ గంటలు గడపడం వృథా. శబ్దం వచ్చి, దిస్ పీసీలో కెమెరా పేరు మాత్రం లేకపోతే కేబుల్ చాలావరకు బాగున్నట్టే, చూడాల్సింది కెమెరా మోడ్, విండోస్ డ్రైవర్. పేరు కనిపించి లోపల ఖాళీగా ఉంటే కార్డును అనుమానించాలి. సగం కాపీ అయ్యాక ఆగిపోతోందంటే బ్యాటరీ, పోర్టుకు అందే కరెంటు, కార్డు ఈ మూడింటిలో ఒకటి.

ఏది మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చండి. కేబుల్, పోర్టు, సెట్టింగ్ మూడూ ఒకేసారి మారిస్తే పని జరగొచ్చు గానీ తప్పు ఎక్కడుందో తెలియదు. వచ్చే పెండ్లి నాటికి మళ్లీ అదే తంటా.

కేబుల్

అన్నిటికన్నా ఎక్కువగా తప్పు దొరికేది ఇక్కడే. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి. ఎరుపు, నలుపు తీగలు కరెంటుకు. ఆకుపచ్చ, తెలుపు తీగలు డేటాకు. ట్రిమ్మర్‌తో, బ్లూటూత్ స్పీకర్‌తో, ఛార్జింగ్ లైటుతో వచ్చే కేబుళ్లలో చాలావాటికి ఎరుపు, నలుపు తీగలే ఉంటాయి. అలాంటిది పెడితే కొన్ని కెమెరాలు ఛార్జింగ్ గుర్తు కూడా చూపిస్తాయి, అందుకే కేబుల్ బాగుందని మోసపోతారు. పరీక్ష తేలిక: అదే కేబుల్‌తో ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించి, ఫోన్‌లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ అనే ఎంపిక వస్తోందో లేదో చూడండి. రాకపోతే ఆ కేబుల్‌ను ఛార్జింగ్‌కే వాడుకోండి.

కొసల విషయంలో జాగ్రత్త. కెనాన్ 1300డి, 1500డి లాంటి వాటికి మినీ యూఎస్‌బీ, అంటే పాత పోర్టబుల్ హార్డ్ డిస్కులకు వచ్చే మందమైన కొస. సోనీ ఆల్ఫా 6000 వరుసలోని పాత కెమెరాలకు మామూలు మైక్రో యూఎస్‌బీ సరిపోతుంది. నైకాన్ కూల్‌పిక్స్‌లలో చాలావాటికి, డీ5300కు 8 పిన్నుల ప్రత్యేకమైన చదును కొస ఉంటుంది. చూపుకు మినీ యూఎస్‌బీలాగే ఉంటుంది గానీ రెండూ వేరు. దిగడం లేదని నొక్కితే సాకెట్‌లోని నాలుక విరుగుతుంది, ఆ తర్వాత అయ్యేది బోర్డు పని. నైకాన్ డీ850, కెనాన్ 5డి మార్క్ 4లకు వెడల్పైన యూఎస్‌బీ 3.0 మైక్రో సాకెట్ ఉంటుంది. దాని కేబుల్ దొరక్కపోతే ఆ సాకెట్ వెడల్పు భాగంలో మామూలు మైక్రో యూఎస్‌బీ పెట్టినా పనిచేస్తుంది, వేగమే తగ్గుతుంది.

మైక్రో, టైప్-సి కేబుళ్లు ఏ మొబైల్ దుకాణంలోనైనా దొరుకుతాయి. మినీ కొస మాత్రం ఇప్పుడు మొబైల్ దుకాణాల్లో అరుదు, కంప్యూటర్ దుకాణంలో అడగాలి. హైదరాబాద్ పోయే పని ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో వెతకొచ్చు. "డేటా కేబుల్" అనే అడగండి, వీలైతే అక్కడే పెట్టి చూపించమనండి. పొడవు ఒక మీటరు, మహా అయితే మీటరున్నర చాలు. ఎక్స్‌టెన్షన్ కేబుల్ కలపొద్దు.

కేబుల్ మంచిదైతే కెమెరా సాకెట్‌ను వెలుతురులో చూడండి. వరి కోతల్లో, రైస్ మిల్లుల దగ్గర, జాతర దుమ్ములో తిరిగిన కెమెరాల రబ్బరు మూత కింద సన్నటి పొట్టు, మన్ను చేరి కొస పూర్తిగా దిగనివ్వదు. బ్యాటరీ తీసేసి, సాకెట్‌ను కిందికి వంచి, లెన్స్ తుడిచే రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. నోటితో ఊదితే తడి చేరుతుంది. సూది, పిన్నీసు లోపలికి పెట్టొద్దు.

పోర్టు, కరెంటు

అసెంబుల్డ్ డెస్క్‌టాప్ ముందువైపు పోర్టులు సన్నటి వైరుతో మదర్‌బోర్డుకు కలిపి ఉంటాయి. ఆ వైరు వదులైనా, సర్వీస్ చేసినప్పుడు తిరిగి పెట్టకపోయినా ముందు పోర్టులు మౌస్‌కు పనిచేసి కెమెరాకు మొరాయించవచ్చు. వెనకవైపు పోర్టులు నేరుగా మదర్‌బోర్డు మీదివే, కెమెరాకు అవే వాడండి. కీబోర్డు మీది పోర్టు, కరెంటు అడాప్టర్ లేని హబ్ వద్దు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వగలిగేది 500 మిల్లీ ఆంపియర్లు, హబ్‌లో ఆ కొంచెమే నలుగురు పంచుకోవాలి.

నల్ల పోర్టులో (యూఎస్‌బీ 2.0) రాకపోతే నీలం పోర్టు (యూఎస్‌బీ 3.0), నీలంలో రాకపోతే నల్లది చూడండి. పాత కెమెరాలు కొన్ని నీలం పోర్టుతో కుదరవు. ఇంట్లో ఇంకా విండోస్ 7 ఉంటే, దానికి యూఎస్‌బీ 3.0 మద్దతు సొంతంగా లేదు. మళ్లీ విండోస్ వేయించినప్పుడు మదర్‌బోర్డు డ్రైవర్ వేయకపోతే నీలం పోర్టులు ఊరికే ఉంటాయి.

ఇంకొక మాట, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. కేబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకుంటే జిల్లుమంటోందా? అంటే సాకెట్‌లో ఎర్తింగ్ లేదు. పాత ఇళ్లలో, రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడే చోట ఇది మామూలైపోయింది. ఎర్తింగ్ లేనప్పుడు కంప్యూటర్ పవర్ సప్లై లోపలి కెపాసిటర్ల వల్ల కేబినెట్ మీదికి మెయిన్స్‌లో సగం దాకా వోల్టేజీ చేరుతుంది. కరెంటు చాలా తక్కువే గానీ సున్నితమైన పరికరాలకు అది మంచిది కాదు. ఎర్తింగ్ సరిచేయించే దాకా ఆ కంప్యూటర్‌కు కెమెరా తగిలించకండి. బ్యాటరీ మీద నడుస్తున్న ల్యాప్‌టాప్ వాడుకోండి.

కెమెరా మెనూ

కేబుల్, పోర్టు రెండూ మంచివైనా శబ్దమే రాకపోవడానికి కెనాన్ కెమెరాల్లో ఒక కారణం ఎక్కువ: వైఫై ఆన్‌లో ఉండటం. 1300డి, 1500డి లాంటి వాటిలో వైఫై/ఎన్‌ఎఫ్‌సీ ఎనేబుల్ చేసి ఉంటే కేబుల్ దారి మూసుకుపోతుంది. ఫోన్‌కు ఫోటోలు పంపడానికి ఎప్పుడో ఆన్ చేసి మర్చిపోయి ఉంటారు. సెటప్ మెనూలో దాన్ని డిసేబుల్ చేసి, కెమెరా ఆఫ్ చేసి, మళ్లీ తగిలించండి. మిగతా కంపెనీలవైనా కేబుల్ పెట్టే ముందు వైఫై, బ్లూటూత్ ఆపడం మంచి అలవాటు. అదే మెనూలో ఆటో పవర్ ఆఫ్ సమయాన్ని పెంచండి. ముప్పై సెకన్లకే కెమెరా నిద్రపోతే కంప్యూటర్ ఫోటోల జాబితా చదివేలోపే సంబంధం తెగిపోతుంది.

సోనీలో సెటప్ మెనూ లోపల యూఎస్‌బీ కనెక్షన్ అని ఉంటుంది. ఆటో, మాస్ స్టోరేజ్, ఎంటీపీ, పీసీ రిమోట్ అనే ఎంపికలు వస్తాయి. పీసీ రిమోట్‌లో ఉంటే ఫోటోల ఫోల్డర్ కనిపించదు, అది కంప్యూటర్ నుంచి షట్టర్ నొక్కడానికి. మాస్ స్టోరేజ్ పెట్టండి, పెన్‌డ్రైవ్‌లా వచ్చేస్తుంది. అప్పటికీ రాకపోతే కిందే ఉండే యూఎస్‌బీ ఎల్‌యూఎన్ సెట్టింగ్‌ను మల్టీ నుంచి సింగిల్‌కు మార్చండి. యూఎస్‌బీ పవర్ సప్లై అనే ఎంపిక ఉన్న మోడళ్లలో దాన్ని ఆఫ్ చేసి చూడండి, బలహీనమైన పోర్టుల మీద బరువు తగ్గుతుంది.

పానాసోనిక్‌లో యూఎస్‌బీ మోడ్‌ను పీసీ స్టోరేజ్‌కు, ఫుజీఫిల్మ్‌లో కనెక్షన్ మోడ్‌ను యూఎస్‌బీ కార్డ్ రీడర్‌కు పెట్టాలి. నైకాన్ డీఎస్ఎల్ఆర్‌లలో ఇటీవలివాటికి ఇలాంటి ఎంపిక లేదు, పీటీపీ ఒక్కటే.

పీటీపీ, ఎంటీపీ అంటే కెమెరా నుంచి కంప్యూటర్‌కు ఫోటోలు పంపే పద్ధతుల పేర్లు. వీటిలో కెమెరాకు డ్రైవ్ అక్షరం రాదు. దిస్ పీసీలో కెమెరా బొమ్మతో, మోడల్ పేరుతో కనిపిస్తుంది. ఎఫ్ డ్రైవో, జీ డ్రైవో వస్తుందని ఎదురుచూసి, కళ్ల ముందే ఉన్న కెమెరాను పట్టించుకోని వాళ్లు చాలామంది.

విండోస్ వైపు

శబ్దం వస్తోంది గానీ కెమెరా లేదు అన్నప్పుడే ఈ పని. కెమెరా తగిలించి, ఆన్‌లో ఉంచి మొదలుపెట్టండి.

1. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. పోర్టబుల్ డివైసెస్, ఇమేజింగ్ డివైసెస్, అదర్ డివైసెస్, చివరన ఉండే యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ వరుసలు విప్పి చూడండి.

2. పసుపు గుర్తు ఉన్నదాన్ని రెండుసార్లు నొక్కితే డివైస్ స్టేటస్‌లో కోడ్ ఉంటుంది. కోడ్ 28 అంటే డ్రైవర్ లేదు. కోడ్ 10 అంటే డ్రైవర్ ఉంది గానీ పరికరం మొదలవలేదు. కోడ్ 43, లేదా డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్ అని ఉంటే కెమెరా తన పేరు కూడా సరిగ్గా చెప్పలేకపోయిందని అర్థం. అది చాలావరకు కేబుల్, పోర్టు, సాకెట్ సమస్యే, వెనక్కి వెళ్లండి.

3. 28 గానీ 10 గానీ అయితే దాని మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ డివైస్ నొక్కండి. కెమెరా ఆపి, కేబుల్ తీయండి. పైన వ్యూలో షో హిడెన్ డివైసెస్ నొక్కితే మసకగా పాత కెమెరా పేర్లు కనిపిస్తాయి, వాటినీ తీసేయండి.

4. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. షట్ డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం దీనికి సరిపోదు. ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ 10, 11 పాత స్థితిలో కొంత దాచుకుని లేస్తాయి. రీస్టార్ట్ అయితేనే అంతా కొత్తగా మొదలవుతుంది. తర్వాత కెమెరాను వేరే పోర్టుకు తగిలించండి.

5. ఇంకా పసుపు గుర్తే ఉంటే రైట్ క్లిక్, అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ మై కంప్యూటర్, లెట్ మీ పిక్ అనే వరుసలో వెళ్లి పోర్టబుల్ డివైసెస్ కింద ఎంటీపీ యూఎస్‌బీ డివైస్ ఎంచుకోండి. ఇంటర్నెట్‌లో దొరికే డ్రైవర్ అప్‌డేటర్ ప్రోగ్రాములు వేయకండి. కెమెరాకు కావలసిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంది.

డ్రైవర్ సరిగ్గా ఉన్నా ఫోటోలు తెచ్చుకోమని అడిగే ఇంపోర్ట్ కిటికీ రాకపోతే సర్వీసెస్ తెరిచి విండోస్ ఇమేజ్ అక్విజిషన్, షెల్ హార్డ్‌వేర్ డిటెక్షన్ ఈ రెండూ నడుస్తున్నాయో లేదో చూడండి. ఆగి ఉంటే స్టార్టప్ టైప్‌ను ఆటోమేటిక్ చేసి స్టార్ట్ నొక్కండి.

అసలు కోడ్ 28 పదే పదే వస్తోందంటే సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో ఎడిషన్ పేరు చూడండి. "విండోస్ 10 ప్రో ఎన్" అని చివర ఎన్ ఉందా? అది యూరప్ మార్కెట్ కోసం మీడియా భాగాలు తీసేసి ఇచ్చిన విండోస్. దుకాణంలో చేతికి దొరికిన కాపీ వేసినప్పుడు మన ఇళ్లలోకీ వచ్చేస్తుంది. కెమెరాతో, ఫోన్‌తో మాట్లాడే ఎంటీపీ భాగం అందులో ఉండదు. ఆప్షనల్ ఫీచర్స్‌లో మీడియా ఫీచర్ ప్యాక్ ఎంచుకుని, రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. ఆఫీసు కంప్యూటర్లలో అయితే యూఎస్‌బీ నిల్వ పరికరాలను కావాలనే ఆపి ఉంచవచ్చు, అక్కడ డ్రైవర్లతో కుస్తీ పట్టకుండా సిస్టమ్ చూసేవాళ్లను అడగండి.

మ్యాక్‌లో ఫైండర్‌లో వెతక్కుండా ఇమేజ్ క్యాప్చర్ తెరవండి. ఉబుంటులో కెమెరా నుంచి ఫోటోలు తెచ్చే జీఫోటో2 ప్రోగ్రాం "కుడ్ నాట్ క్లెయిమ్" అంటే ఫైల్ మేనేజర్ అప్పటికే కెమెరాను పట్టుకుని ఉందని, అక్కడ అన్‌మౌంట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

కార్డు, కార్డు రీడర్

పైన చెప్పినవన్నీ చేసే ఓపిక లేకపోతే, రేపే ఆల్బమ్‌కు ఫోటోలు ఇవ్వాల్సి ఉంటే, కార్డు తీసి రీడర్‌లో పెట్టండి. అసలు రోజువారీ పనికి రీడరే మంచిదని మా అభిప్రాయం. కెమెరా బ్యాటరీ ఖర్చు కాదు, సాకెట్ అరగదు, వేగమూ ఎక్కువే. కెమెరా ఆఫ్ చేసి, కార్డు దగ్గరి చిన్న లైటు ఆరాకే కార్డు తీయాలి.

పాత రీడర్లతో ఒక చిక్కుంది. 2 జీబీ దాకా కార్డులు ఎస్‌డీ, 32 జీబీ దాకా ఎస్‌డీహెచ్‌సీ, ఆపైన ఎస్‌డీఎక్స్‌సీ. బాగా పాత రీడర్‌కు, పాత ల్యాప్‌టాప్ పక్క గాటుకు 64 జీబీ కార్డు తెలియకపోవచ్చు. అది కార్డు తప్పు కాదు. మైక్రో ఎస్‌డీని అడాప్టర్‌లో పెట్టి వాడుతుంటే ముందు అడాప్టర్ మార్చి చూడండి, వదులయ్యేది అదే. కార్డు బంగారు రంగు పట్టీలు మసకబారితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తాకించిన దూదిపుల్లతో తుడిచి ఆరనివ్వండి, శానిటైజర్ వద్దు.

శబ్దం వచ్చి డ్రైవ్ కనిపించకపోతే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కార్డు అక్కడ ఉండి అక్షరం లేకపోతే రైట్ క్లిక్ చేసి ఛేంజ్ డ్రైవ్ లెటర్‌లో ఖాళీగా ఉన్న అక్షరం ఇవ్వండి.

ప్రింటింగ్ కోసం ఫోటో ల్యాబుకు, జిరాక్స్ సెంటర్‌కు కార్డే ఇచ్చేవాళ్లు ఇది గమనించాలి. తిరిగొచ్చాక కెమెరా ఫోటోలు దాచే డీసీఐఎం ఫోల్డర్ షార్ట్‌కట్‌గా మారి ఉండి, కార్డు మాత్రం నిండుగా చూపిస్తోందంటే అది వైరస్ పని. ఫోటోలు పోలేదు, దాచబడ్డాయి. ఆ షార్ట్‌కట్‌ను తెరవొద్దు. ఫోల్డర్ ఆప్షన్స్, వ్యూలో షో హిడెన్ ఫైల్స్ ఎంచుకుని, హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ ముందున్న టిక్ తీసేయండి. మసకగా కనిపించే అసలు ఫోల్డర్‌ను కాపీ చేసుకుని, ఫోటోలు తెరిచి చూసుకున్నాక కార్డును కెమెరాలో ఫార్మాట్ చేయండి. ఇకముందు కార్డు బయటికి ఇచ్చేటప్పుడు పక్కనున్న చిన్న మీటను లాక్ వైపు జరిపి ఇవ్వండి. చాలా రీడర్లు దాన్ని గౌరవిస్తాయి: చదవనిస్తాయి, రాయనివ్వవు. తర్వాత మళ్లీ పైకి జరపడం మర్చిపోతే కెమెరా కార్డ్ లాక్డ్ అని షట్టర్ పడనివ్వదు.

ఇక "యూ నీడ్ టు ఫార్మాట్ ది డిస్క్" అని అడిగితే క్యాన్సిల్ నొక్కండి. ఎర్రర్ చెకింగ్, చెక్‌డిస్క్ కూడా అప్పుడే నడపొద్దు. అవి ఫైల్ వ్యవస్థను సరిచేసే పేరుతో ఫోటోలను ముక్కలు చేసి సీహెచ్‌కే ఫైళ్లుగా మార్చవచ్చు. వేరే రీడర్‌లో, వేరే కంప్యూటర్‌లో ఒకసారి చూడండి. అక్కడా అదే మాటైతే ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఫోటోలు వెలికి తీయండి. తీసినవి అదే కార్డు మీద కాకుండా కంప్యూటర్ డిస్కులో దాచాలి. ఫైల్ పేర్లు పాతవి రావు, బొమ్మలు వస్తాయి. ఫోటోరెక్‌కు కూడా కార్డు సైజు సున్నా అని కనిపిస్తే అది కార్డు లోపలి కంట్రోలర్ చెడిపోవడం, ఏ సాఫ్ట్‌వేరూ పనికిరాదు. విలువైన ఫోటోలైతే డేటా రికవరీ చేసే చోటికి అలాగే, ఇంకేమీ చేయకుండా తీసుకెళ్లండి.

మధ్యలో ఆగిపోతుంటే

ఒకే కార్డులో వేల ఫోటోలున్నప్పుడు పీటీపీ ద్వారా జాబితా రావడానికే నిమిషాలు పట్టవచ్చు, కొంచెం ఆగండి. ఇంపోర్ట్ కిటికీ మొరాయిస్తే దాన్ని వదిలి డీసీఐఎం లోపలి ఫోల్డర్ తెరిచి రెండు మూడు వందల చొప్పున కాపీ చేయండి. కట్ వద్దు, కాపీ మాత్రమే. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట సగంలో ఆగినా అసలువి కార్డులోనే ఉంటాయి. సరిగ్గా ఒకే ఫోటో దగ్గర ప్రతిసారీ ఆగుతోందంటే ఆ ఫైల్ పాడైంది, దాన్ని వదిలి మిగతావి తీసుకోండి, కార్డును పక్కన పెట్టండి. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్‌లో కంప్యూటర్ పరికరాన్ని ఆపేయవచ్చన్న టిక్ తీసేయండి.

కాపీ అయ్యాక సీఆర్2, ఎన్ఈఎఫ్, ఏఆర్‌డబ్ల్యూ ఫైళ్లు తెల్ల కాగితాల్లా కనిపిస్తే అది కనెక్షన్ సమస్య కాదు, అవి రా ఫైళ్లు, అంటే సెన్సర్ ఇచ్చింది ఇచ్చినట్టు కెమెరా దాచిన ఫోటోలు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో రా ఇమేజ్ ఎక్స్‌టెన్షన్ ఉచితంగా వేసుకుంటే చాలావరకు బొమ్మలు కనిపిస్తాయి.

సర్వీస్‌కు ఎప్పుడు

మంచిదని తేలిన కేబుల్‌తో, రెండు వేర్వేరు కంప్యూటర్లలో, వైఫై ఆపి చూసినా శబ్దం రాకపోతే, లేదా కొసను కొంచెం కదిలిస్తే వచ్చి పోతుంటే సాకెట్ టంకాలు వదిలాయి. కార్డు రీడర్‌తో పని నడుస్తున్నంత కాలం దీన్ని బాగుచేయించడం తప్పనిసరి కాదు. కెమెరాను కేబుల్‌తోనే ఛార్జ్ చేసేవాళ్లకు, టెథరింగ్ చేసే, అంటే కెమెరాను కంప్యూటర్‌కు కలిపే ఫోటోలు తీసే స్టూడియోలకు మాత్రం అవసరం. ఇచ్చే ముందు కార్డు తీసి ఇంట్లో ఉంచండి, కెమెరా సీరియల్ నంబరు రాసుకోండి, మీ కేబుల్ కూడా వెంట తీసుకెళ్లండి. ఏ కేబుల్‌తో, ఏ కంప్యూటర్‌లో ఏం జరిగిందో కాగితం మీద రాసి ఇస్తే వాళ్లు మొదటి నుంచి వెతకాల్సిన పని ఉండదు. సాకెట్ మాత్రమే మారుస్తారా, మొత్తం బోర్డు మారుస్తారా అన్నది ముందే అడిగి, అంచనా ఖర్చు రాయించుకున్నాకే ఒప్పుకోండి.